"మందు పనిచేయట్లేదండి": కోళ్ల ఫారాల్లో యాంటీబయాటిక్ రెసిస్టెన్స్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి జిల్లాల్లో కోళ్ల జబ్బులు పరీక్షించే ల్యాబ్‌లో పశువైద్యుణ్ణి నేను. పొద్దున్నే అట్టపెట్టెలో నాలుగు కోళ్లు పెట్టుకుని బండి మీద రైతులొస్తారు. పెట్టె కింద పెడుతూనే "ఏ మందూ పనిచేయట్లేదండి" అంటారు. సాయంత్రం ఫోన్లు వేరే రకం. బంధువులు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు: "బ్రాయిలర్ తినొచ్చా లేదా, ఒక్క మాటలో చెప్పండి" అని. ఒక్క మాటలో తేలే సంగతి కాదు కాబట్టి, అందరూ మళ్లీ మళ్లీ అడిగేవి వాళ్ల మాటల్లోనే ఇక్కడ రాశాను. పిల్ల షెడ్డులో దిగిన దగ్గర్నుంచి మన వంటింటి దాకా వరసగా పెట్టాను. మీకు కావలసిన చోటే చదువుకోవచ్చు.

## ముందు అసలు సంగతి

రెసిస్టెన్స్ అంటే కోడి ఒంటికి మందు అలవాటు పడిపోవడమేనా?

కాదు. కోడికి ఏమీ అలవాటవదు. మారేది బ్యాక్టీరియా. ఒక కోడి పేగులో ఈ.కోలి అనే బ్యాక్టీరియా కోట్ల కొద్దీ ఉంటుంది, అందులో చాలా రకాలు ఏ హానీ చేయవు. అన్ని కోట్లలో ఏదో ఒకదానికి మందును తట్టుకునే గుణం ముందే ఉండొచ్చు. కొన్ని తమలోకి వచ్చిన మందును పంపు పెట్టినట్టు బయటికి తోసేస్తాయి. కొన్ని దాన్ని విరిచేసే ఎంజైమ్ తయారుచేస్తాయి. ఇంకొన్నింటిలో మందు వెళ్లి అతుక్కోవాల్సిన చోటే రూపు మారిపోతుంది. మనం మందు వేయగానే లొంగేవి చస్తాయి, లొంగనిది మిగులుతుంది. అన్నీ అనుకూలంగా ఉంటే ఈ.కోలి 20 నిమిషాలకోసారి రెండింతలవుతుంది. ఖాళీ అయిన పేగునంతా ఆ మిగిలినదే ఆక్రమించుకుంటుంది. మందు కొత్తగా మొండితనం నేర్పక్కర్లేదు, మొండిదానికి పోటీ లేకుండా చేస్తే చాలు.

ఒక మందే కదా వేశాం, నాలుగైదు మందులు ఒకేసారి ఎందుకు పనిచేయకుండా పోయాయి?

ప్లాస్మిడ్ వల్ల. బ్యాక్టీరియాలో అసలు క్రోమోజోమ్ కాక చిన్న గుండ్రటి డీఎన్ఏ ముక్కలుంటాయి, వాటిని ప్లాస్మిడ్లంటారు. ఒక బ్యాక్టీరియా వాటిని పక్కదానికి అందిస్తుంది, ఆ పక్కది తన జాతిదే కానక్కర్లేదు. ఈ.కోలి నుంచి సాల్మొనెల్లాకి వెళ్లొచ్చు. ఒకే ప్లాస్మిడ్ మీద టెట్రాసైక్లిన్‌కి, సల్ఫాకి, స్ట్రెప్టోమైసిన్‌కి లొంగకుండా చేసే జన్యువులు వరసగా కూర్చుని ఉంటాయి. మీరు టెట్రాసైక్లిన్ రకమే అయిన డాక్సీసైక్లిన్ ఒక్కటే వేసినా ఆ మూటంతా కలిసే బతుకుతుంది. రాగిని తట్టుకునే జన్యువులు కూడా అదే మూటలో ఉండే సందర్భాలున్నాయి. అందుకే అవసరం ఉన్నా లేకపోయినా నీళ్లలో రాగి ఉన్న మైలుతుత్తం కలిపే అలవాటు నాకు నచ్చదు.

అసలు కోళ్ల మేతలోకి యాంటీబయాటిక్‌లు ఎందుకొచ్చాయి?

అనుకోకుండా వచ్చాయి. 1940ల చివర్లో అమెరికాలోని లెడర్లే ల్యాబ్‌లో థామస్ జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ కోడిపిల్లలకి చవకగా బి12 విటమిన్ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నారు. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారుచేశాక మిగిలిన పిప్పి మేతలో కలిపితే పిల్లలు బి12 లెక్కకు మించి పెరిగాయి. ఆ పిప్పిలో మిగిలిపోయిన యాంటీబయాటిక్ చేసిన పని అది. అక్కణ్ణుంచి గ్రోత్ ప్రమోటర్ల, అంటే జబ్బు లేకపోయినా బరువు కోసం మేతలో కలిపే మందుల కాలం మొదలైంది. ప్రమాదం ఉందని బ్రిటన్‌లో స్వాన్ కమిటీ 1969లోనే చెప్పింది. స్వీడన్ 1986లో ఆపింది. యూరోపియన్ యూనియన్ మొత్తం 2006 జనవరి 1 నుంచి మానేసింది. మన దగ్గర 2007 నాటి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) కోళ్ల దాణా ప్రమాణం కూడా వీటిని వదిలించుకోమనే చెప్పింది. కాకపోతే అది పాటించి తీరాలన్న చట్టం కాదు, సలహా.

## పిల్ల దిగిన వారం

దిగిన రోజు నుంచి మూడు రోజులు యాంటీబయాటిక్ వేయమంటున్నారు. అందరూ వేస్తున్నారు కూడా. మానేస్తే పిల్ల పోతే?

ఈ కోర్సుకి అసలు కారణం బొడ్డు ఇన్ఫెక్షన్. హేచరీలో గుడ్డు మురికిగా ఉన్నా, పిల్లకు బొడ్డు సరిగా మూసుకోకపోయినా ఈ.కోలి లోపలికి పోతుంది. మొదటి వారంలో పిల్లలు పోతాయి, కోసి చూస్తే పచ్చసొన కరగకుండా కంపు కొడుతూ ఉంటుంది. ఆ బ్యాచ్‌కి మందు కావాలి, కాదనను. ఏ లక్షణమూ లేని పది వేల పిల్లలకి "ఎందుకైనా మంచిది" అని వేయడం వేరు. అప్పుడు వాటి పేగులో తొలిసారి కాపురం పెట్టే బ్యాక్టీరియాను మనమే మొండివాటి నుంచి ఏరి పెడుతున్నట్టు.

చాలా షెడ్లలో ఈ కోర్సు బ్రూడింగ్ (పిల్లలకి వెచ్చదనం ఇవ్వడం) లోపాన్ని కప్పిపుచ్చడానికే పనికొస్తోంది. ఒక పిల్లను తీసుకుని దాని పాదాలు మీ చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే మీకు కావలసింది బొగ్గు, మందు కాదు. దిగిన 24 గంటల తర్వాత మెడ కింద క్రాప్ (మేత సంచి) తడిమి చూడండి. వంద పిల్లల్లో 95కి మెత్తగా నిండి ఉండాలి. గట్టిగా ఉంటే నీళ్లు దొరకలేదు, ఖాళీగా ఉంటే మేత, నీళ్లు రెండూ దొరకలేదు.

వాక్సిన్లు వైరస్ జబ్బులకి కదా, వాటికీ యాంటీబయాటిక్‌కీ సంబంధమేంటి?

కొక్కెర తెగులు, గంబోరో రెండూ వైరస్ జబ్బులే, యాంటీబయాటిక్ వాటిని ఏమీ చేయలేదు. కానీ గంబోరో వైరస్ పిల్లలో రోగనిరోధక కణాలు తయారయ్యే బర్సానే దెబ్బతీస్తుంది. ఆ తర్వాత మామూలు ఈ.కోలి కూడా చంపేయగలదు. మనకు పైకి కనిపించేది ఈ.కోలి, అందుకని దానికి మందు వేస్తాం. కోళ్లు పోతూనే ఉంటాయి, మందు మారుస్తాం. ఒక గంబోరో వాక్సిన్ ఎండలో పాడైతే ఆ బ్యాచ్‌లో మూడు రకాల యాంటీబయాటిక్‌లు ఖర్చవడం చూశాను. వాక్సిన్ డబ్బాలో ఐసు ఉందా లేదా చూడటం కూడా యాంటీబయాటిక్ తగ్గించే పనే.

నీళ్ల వల్ల అంత తేడా వస్తుందా?

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ తేడా అక్కడే. ఒకాయన షెడ్డులో వరసగా నాలుగు బ్యాచ్‌లు, 22వ రోజుకో 24వ రోజుకో కోళ్లు పోవడం మొదలయ్యేది. మందులన్నీ తిరగేశాడు. నేను వెళ్లినరోజు నిప్పుల్ లైను (కోళ్లు నీళ్లు తాగే పైపు) చివర ఉన్న మూత విప్పించి పైపులో వేలు పెట్టమన్నాను. తీసేసరికి వేలికి బెండకాయ జిగురులా సాగింది. బెల్లం నీళ్లు, విటమిన్లు, ఎలక్ట్రోలైట్లు ఇచ్చి పైపు కడక్కుండా వదిలేస్తే లోపల గోడకి పట్టే పొర అది. అందులో దాక్కున్న బ్యాక్టీరియాకి నీళ్లలో కలిపిన మందు చాలీచాలనంత అందుతుంది. మొండివి తయారవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు.

బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు లైన్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్ నింపి, నిలవ ఉంచి, జోరుగా నీళ్లు వదిలి కడగాలి. బ్యాచ్ నడిచేటప్పుడు చివరి నిప్పుల్ దగ్గర క్లోరిన్ 3 నుంచి 5 పీపీఎం ఉండాలి. ట్యాంకు దగ్గర చూసుకుని సంతోషపడకండి, చివర చూడండి. నీటి పీహెచ్ 7 దాటితే క్లోరిన్ బలం తగ్గుతుంది. నీళ్లలో వాక్సిన్ ఇచ్చే రోజు మాత్రం క్లోరిన్ ఆపాలి.

## బ్యాచ్ నడుస్తుండగా

రాత్రిపూట కోళ్లు గురగురమంటున్నాయి. ఏ మందు వేయమంటారు?

ఫోనులో చెప్పలేను, చెప్పేవాళ్లను నమ్మకండి. ఆ గురక మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే సీఆర్‌డీ (దీర్ఘకాలిక శ్వాస జబ్బు) కావచ్చు, కొక్కెర తెగులు మొదలు కావచ్చు, ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ కావచ్చు, వట్టి అమ్మోనియా కావచ్చు. మొదటిదానికి తప్ప మిగతా వాటికి యాంటీబయాటిక్‌తో పని లేదు. తెల్లవారుజామున పరదాలు దించి ఉండగానే షెడ్డులోకి వెళ్లి కోడి ఎత్తుకు కూర్చోండి. రెండు నిమిషాల్లో కళ్లు మండితే ముందు పరదాలు ఎత్తి, తడిసిన ఊక తీసేసి కొత్త ఊక వేయండి. మనం నిలబడే ఎత్తులో వాసన తెలియదు, కోడి రోజంతా పీల్చేది కింద గాలి.

పోయిన బ్యాచ్‌కి బ్రహ్మాండంగా పనిచేసింది. ఈసారి అదే కంపెనీ, అదే మందు, ఎందుకు పనిచేయలేదు?

మూడు కారణాలు చూస్తాను. ఒకటి, పాత లిట్టర్ (షెడ్డులో పరిచిన ఊక) మీదే కొత్త పిల్లను దించి ఉంటారు. పోయినసారి మందుకి తట్టుకుని మిగిలిన బ్యాక్టీరియా ఆ ఊకలోనే ఉంది. రెండు, ఈసారి వచ్చింది అసలు బ్యాక్టీరియా జబ్బే కాకపోవచ్చు.

మూడోది చాలామంది పట్టించుకోరు: మందు కోడికి అందలేదు. తెలంగాణలో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి, కెటిల్‌లో తెల్లగా పేరుకునే రకం. ఆ కాల్షియం, మెగ్నీషియం టెట్రాసైక్లిన్‌లను, ఎన్రోఫ్లాక్సాసిన్‌ను పట్టుకుని పేగులోంచి రక్తంలోకి పోనివ్వవు. పైగా జబ్బుపడ్డ కోడి నీళ్లు తక్కువ తాగుతుంది. లీటరుకింత అని కలిపారు సరే, కోడి తాగింది సగమే. డోసు కోడి బరువును బట్టి లెక్కకట్టాలి, ట్యాంకు సైజును బట్టి కాదు.

సెన్సిటివిటీ టెస్ట్‌లో ఏం చేస్తారు? దానికి రెండు మూడు రోజులు పడితే ఈలోపు కోళ్లు చావవా?

కోడిని కోసినప్పుడు ఈ.కోలి ముదిరిన దానిలో గుండె మీద, కాలేయం మీద మీగడ తరకలాంటి పొర ఉంటుంది. పటకారుతో లాగితే ఊడి వస్తుంది. కాలేయంలోంచో గుండెలోంచో తీసిన నమూనాను మెకాంకీ అనే ప్లేటు మీద గీస్తాం. మర్నాటికి గులాబీ రంగు చుక్కలు లేస్తాయి. వాటిని తీసి ముల్లర్ హింటన్ ప్లేటంతా పరిచి, మీద మందు అద్దిన చిన్న కాగితం బిళ్లలు పెడతాం. ఆ మర్నాడు చూస్తే పనిచేసే మందు బిళ్ల చుట్టూ ఖాళీ వలయం, పనిచేయనిదాని చుట్టూ బిళ్ల అంచు దాకా బ్యాక్టీరియా. వలయాన్ని మిల్లీమీటర్లలో కొలిచి రిపోర్టు రాస్తాం.

నేను ప్లేటు రైతు చేతికే ఇస్తాను. "ఎన్రో చుట్టూ ఏమీ ఖాళీ లేదేంటండి?" అని వాళ్లే అడుగుతారు. నేను గంట చెప్పినా ఎక్కనిది అక్కడ ఎక్కుతుంది.

ఆగలేని పరిస్థితి ఉంటుంది, నిజమే. నమూనా ఇచ్చిన రోజే డాక్టరు లక్షణాలను బట్టి ఒక మందు మొదలుపెట్టిస్తారు, రిపోర్టు వచ్చాక అవసరమైతే మారుస్తారు. నమూనా మాత్రం మందు మొదలుపెట్టకముందే తీయాలి. నిన్న చచ్చి ఉబ్బినది తేకండి. జబ్బుగా ఉండి బతికున్నవి రెండు, అప్పుడే పోయినవి రెండు తెండి.

మూడో రోజుకే తేరుకున్నాయి, మిగతా మందు దాచుకోవచ్చా?

వద్దు. డాక్టరు రాసినన్ని రోజులు, రాసిన డోసు. సగం మందు దాచి వచ్చే బ్యాచ్‌కి డాక్టరును అడక్కుండా కలపడం రెండు తప్పులు ఒకేసారి చేయడం. అసలు ఇవి చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందులు. దుకాణంలో చీటీ లేకుండా దొరుకుతున్నాయన్నది అందరికీ తెలిసిన గుట్టు.

కోలిస్టిన్ చవక, విరేచనాలకి బాగా పనిచేసేది. ఎందుకు ఆపేశారు?

కోలిస్టిన్ పాత మందు. కిడ్నీలకి ఇబ్బంది అని మనుషుల డాక్టర్లు దశాబ్దాల పాటు పక్కన పెట్టారు. ఆ లోపు కోళ్లకీ పందులకీ బాగా వాడేశారు. తర్వాత ఐసీయూల్లో క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ లాంటివి కార్బపెనెమ్‌లనే బలమైన మందులకి కూడా లొంగకుండా పోయేసరికి ఈ పాత మందునే మళ్లీ బయటికి తీశారు. ఐసీయూలో చివరికి మిగిలే ఒకటి రెండు మందుల్లో అదొకటి.

2015లో చైనా పరిశోధకులు ఎంసీఆర్-1 అనే జన్యువును బయటపెట్టారు. కోలిస్టిన్‌కి లొంగని గుణం అప్పటిదాకా క్రోమోజోమ్ మార్పుల వల్లే వస్తుందనుకునేవారు. ఇది ప్లాస్మిడ్ మీద ఉంది, అంటే ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది. పందుల్లో, మాంసంలో, ఆసుపత్రి రోగుల్లో దొరికింది. చైనా 2017లో దాణాలో కోలిస్టిన్ ఆపేసింది, తర్వాతి పరీక్షల్లో పశువుల్లోనూ మనుషుల్లోనూ ఆ జన్యువు బాగా తగ్గినట్టు తేలింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2019 జులై 19న ఆహారం కోసం పెంచే జంతువులకి, కోళ్లకి, ఆక్వాకి, దాణా సప్లిమెంట్లకి దీని తయారీ, అమ్మకం, పంపిణీ నిషేధించింది. పాత స్టాకు ఉందని ఎవరైనా ఇవ్వజూపితే తీసుకోకండి.

గ్రోత్ ప్రమోటర్ మానేస్తే బరువు పడిపోదా? నష్టం ఎవరు భరిస్తారు?

డెన్మార్క్ బ్రాయిలర్ రైతులు 1998లో మానేశారు. మరణాలు పెరగలేదు, మేత మార్పిడి, అంటే తిన్న మేతకి పెరిగే బరువు, కొద్దిగా మాత్రమే తగ్గింది. గ్రోత్ ప్రమోటర్ ప్రభావం మురికి షెడ్డులో ఎక్కువగా, శుభ్రమైన షెడ్డులో తక్కువగా ఉంటుంది. వాళ్ల షెడ్లూ మన షెడ్లూ ఒకటి కాదంటారు, ఒప్పుకుంటాను. మన ఎండలు, మన తేమ, ఒక్కో షెడ్డులో కుక్కే కోళ్ల సంఖ్య వేరు. ఒక్కసారిగా ఆపితే నెక్రోటిక్ ఎంటరైటిస్, అంటే పేగు లోపలి పొర కుళ్లే జబ్బు రావచ్చు. ముందు లిట్టర్, నీళ్లు, కాక్సీడియా (పేగులో పరాన్నజీవి) అదుపు చేసుకుని తర్వాత ఆపాలి.

బదులుగా అమ్మే ప్రొబయోటిక్‌లు, యాసిడిఫయర్లు, మూలికల సీసాల సంగతి: కొన్నింటికి ఉపయోగం ఉంది. చాలావాటికి ఉన్నది ఏజెంటు చెప్పే కథ.

మాది ఇంటిగ్రేషన్ ఫారం. పిల్ల, దాణా, మందు అన్నీ కంపెనీ పంపుతుంది. కిలోకింత అని గ్రోయింగ్ ఛార్జీ మాత్రం నాది. నా చేతిలో ఏముంది?

మందు ఎంపిక మీ చేతిలో లేదు, నిజం. ఇది రైతు మీద తోసేసే సమస్య కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఒకసారి ఒక రైతు తెచ్చిన పొట్లం మీద పేరు లేదు, తేదీ లేదు, "ఉదయం 2, సాయంత్రం 2" అని పెన్నుతో రాసి ఉంది. ఏం వేస్తున్నాడో ఆ మనిషికే తెలియదు. అలా తీసుకోకండి. పేరున్న ప్యాకెట్ అడగండి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఏ రోజు ఏ మందు ఎన్ని కోళ్లకి అని ఒక పుస్తకంలో రాయండి. లిట్టర్, నీటి లైను, గాలి మీ చేతిలోనే ఉన్నాయి. మందు అవసరం పుట్టేదే అక్కడ.

## అమ్మకానికి ముందు

మందు వేశాక ఎన్ని రోజులు ఆగి కోళ్లు ఎత్తాలి?

లేబుల్ మీద విత్‌డ్రాయల్ పీరియడ్ అని ఉంటుంది, అన్ని రోజులు ఆగాలి. ఒక్కో మందుకి, ఒక్కో కంపెనీ తయారీకి అది వేరు. దేశంలో 2012లో వచ్చిన నిబంధన ప్రకారం, ఆ మందుకు నిర్ధారించిన విత్‌డ్రాయల్ లేకపోతే గుడ్లకి కనీసం 7 రోజులు, కోడి మాంసానికి కనీసం 28 రోజులు ఆగాలి. బ్రాయిలర్‌కి ఇది ఏమిటో లెక్కేయండి. 40వ రోజున ఎత్తే కోడికి 28 రోజులు వదిలితే 12వ రోజు తర్వాత అలాంటి మందు వేయడానికి వీల్లేదు. 35వ రోజున దగ్గు మొదలైందని ఐదు రోజులు మందు వేసి 41న లారీ ఎక్కిస్తే అది నేరుగా ప్లేటులోకి వెళ్తుంది.

గుడ్ల కోళ్లకి వైద్యం చేస్తే గుడ్లు పారబోయాల్సిందేనా? రోజుకి వేల గుడ్లండీ!

విత్‌డ్రాయల్ ఉన్నన్ని రోజుల గుడ్లు తినడానికి అమ్మకూడదు. పచ్చసొన ఒక్కరోజులో తయారవదు. పెట్టకముందు దాదాపు పది రోజులు పొరలు పొరలుగా పెరుగుతుంది, మందు అందులో కూర్చుంటుంది. అందుకే మందు ఆపినా కొన్నాళ్లు గుడ్లలో కనిపిస్తూనే ఉంటుంది. ఈ నష్టం భయంతోనైనా లేయర్లకి గుడ్లు మొదలవకముందే వాక్సిన్ల మీద ఖర్చు పెట్టడం లాభం. గుడ్లు పెట్టే కోళ్లకి వాడొచ్చని లేబుల్ మీద స్పష్టంగా లేని మందు ముట్టుకోకండి.

మాంసంలో మందు అవశేషం లేదని రిపోర్టు ఉంది. అంటే రెసిస్టెన్స్ భయం లేనట్టేగా?

రెండూ వేర్వేరు. అవశేషమంటే మాంసంలో మిగిలిన రసాయనం. రెసిస్టెన్స్ అంటే ఆ మందును తట్టుకుని బతికిన బ్యాక్టీరియా. విత్‌డ్రాయల్ పాటిస్తే రసాయనం ఒంట్లోంచి పోతుంది, పేగులో తయారైన మొండి బ్యాక్టీరియా పోదు. అవశేషాలకి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) పరిమితులున్నాయి, 2025 ఏప్రిల్ 1 నుంచి నిషేధిత మందుల జాబితా కూడా పెద్దదైంది. అది మంచిదే. కానీ "అవశేషాలు లేవు" అన్న సర్టిఫికెట్ సగం ప్రశ్నకే జవాబు. ఢిల్లీలోని సీఎస్ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) సంస్థ 2014లో 70 కోడి నమూనాలు పరీక్షిస్తే 40 శాతంలో అవశేషాలు దొరికాయి. మూడేళ్ల తర్వాత అదే సంస్థ ఉత్తరాది ఫారాల్లో లిట్టర్‌ను, చుట్టుపక్కల మట్టిని పరీక్షించింది. అప్పుడు చూసింది రెండో సగాన్ని, మందులకి లొంగని బ్యాక్టీరియాను.

## ఎరువు, చెరువు, పనివాళ్లు

కోళ్ల ఎరువు పొలానికి, చేపల చెరువుకి వేస్తున్నాం. దాంతోపాటు ఇవీ వెళ్తాయా?

వెళ్తాయి. టెట్రాసైక్లిన్‌లో చాలా భాగం ఒంట్లో మారకుండానే రెట్టలో బయటికొస్తుంది. అంటే పచ్చి ఎరువుతో మొండి బ్యాక్టీరియా, దాన్ని బతికించే మందు కలిసే వెళ్తాయి. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లోకి పచ్చి ఎరువు ట్రాక్టర్లతో దించడం నాకు మొదటినుంచీ నచ్చని పని. ఎరువును కుప్ప వేసి, తడి సరిచూసి, లోపల 55 డిగ్రీలు దాటేలా మాగబెట్టి, తిరగేసి మళ్లీ మాగనివ్వండి. బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది, మందు కూడా కొంత విరుగుతుంది. జన్యువులు పూర్తిగా పోవు, అయినా పచ్చిదానికీ మాగినదానికీ పోలికే లేదు. గడ్డపార గుచ్చి పది నిమిషాలుంచి తీసి పట్టుకోండి, చెయ్యి పెట్టలేనంత కాలితే కుప్ప పనిచేస్తోంది.

ఫారంలో పనిచేసే మాకు అంటుకుంటుందా?

అంటుకుంటుందని 1976లోనే తేలింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో స్టువర్ట్ లెవీ ఒక చిన్న ఫారంలో కొన్ని కోళ్లకి టెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టించారు. రెండు వారాల్లోపే ఆ కోళ్ల పేగుల్లో దాదాపు అంతా మొండి ఈ.కోలి అయింది. ఐదారు నెలలకి ఆ ఇంటి మనుషుల పేగుల్లోనూ అవి పెరిగాయి, పక్కిళ్ల వాళ్లలో పెరగలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఆ మందు మింగలేదు. ఎవరికీ జబ్బూ రాలేదు, అందుకే మోస్తున్న సంగతి మనకి తెలియదు. షెడ్డుకి వేరే చెప్పులు, వేరే బట్టలు, తిండికి ముందు సబ్బు. మందు పొడి కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డ.

## వంటింట్లో

బాగా ఉడికిస్తే మొండి బ్యాక్టీరియా చస్తుందా?

చస్తుంది. మందుకి లొంగదు గానీ మంటకి లొంగుతుంది. ముక్క లోపల 75 డిగ్రీలు దాటితే చాలు, మన కూర ఎప్పుడూ అంతకు మించే ఉడుకుతుంది. మాంసంలో మిగిలిన మందు సంగతి వేరు: ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటివి వేడికి పెద్దగా విరగవు. ఉడికీ ఉడకని గ్రిల్ ముక్కలు, ఎముక దగ్గర ఎర్రగా ఉన్న తందూరీ మాత్రం వద్దు.

చికెన్ కడగొద్దంటారేంటి? ఉప్పు, పసుపు వేసి మూడుసార్లు కడక్కపోతే మా అమ్మ ముట్టుకోదు.

మా అమ్మ కూడా అంతే. కడగడంతో బ్యాక్టీరియా పోదు, కుళాయి జోరుకి చిమ్మి సింకు, గట్టు, పక్కనున్న కొత్తిమీర కట్ట మీద పడుతుంది. కూర ఉడికాక ముక్కలో ఏమీ ఉండదు, పచ్చడిలో వేసిన కొత్తిమీరలో ఉంటుంది. మానలేకపోతే గిన్నెలో నీళ్లు పోసి, చిమ్మకుండా కడిగి, మెల్లగా ఒంపి, సింకు సబ్బుతో తోమండి. కోడికి, కూరగాయలకి కత్తిపీట వేరుగా ఉంచండి. ఇది చాలా చిన్న పని, ఇంట్లో మీరు చేయగలిగిన వాటిలో అన్నిటికంటే పెద్దది.

నాటుకోడికి ఈ గొడవే లేదుగా?

పెరట్లో తిరిగి పురుగూ పుట్రా ఏరుకుతిన్న కోడి అయితే మందు వాడకం తక్కువే. కానీ నాటుకోడి పేరుతో అమ్మేవన్నీ పెరట్లో పెరిగినవి కావు. చాలావాటిని షెడ్లలో వేలల్లో పెంచుతున్నారు, జబ్బొస్తే మందులూ అవే. "యాంటీబయాటిక్ ఫ్రీ" లేబుల్ ఉంటే ఒకటే అడగండి: పుట్టిన దగ్గర్నుంచి వాడలేదా, లేక చివర్లో అవశేషం లేదా? చాలాసార్లు రెండోదే.

బ్రాయిలర్‌కి హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారట కదా?

ఇవ్వరు. వేల కోళ్లకి రోజూ సూది వేయడం జరిగే పని కాదు, గ్రోత్ హార్మోన్ ప్రొటీన్ కాబట్టి మేతలో వేస్తే అరిగిపోతుంది. 40 రోజుల్లో రెండు కిలోలు దాటేది తరతరాల జాతి ఎంపిక వల్ల, దాణా లెక్క వల్ల. లేని హార్మోన్ గురించి జనం భయపడుతుంటే ఉన్న యాంటీబయాటిక్ గురించి ఎవరూ అడగరు, అదీ నా బాధ.

## మన ఒంట్లో

చికెన్ మానేస్తే నాకు జ్వరమొచ్చినప్పుడు మందులు పనిచేస్తాయా?

ఆ గ్యారంటీ లేదు. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది చావుకి బ్యాక్టీరియా మందులకి లొంగకపోవడమే నేరుగా కారణమని అంచనా. ఆ లెక్క అన్ని దారుల్లో వచ్చినవాటిదీ, కోళ్లది ఒక్కటే కాదు. జలుబుకి అజిత్రోమైసిన్ కొనుక్కుని మింగడం, ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ల అదుపు లేకపోవడం, మురుగు నీరు, ఇవన్నీ ఉన్నాయి. కోళ్లతో నేరుగా లంకె బలంగా ఉన్నది సాల్మొనెల్లా, క్యాంపిలోబాక్టర్ విరేచనాలకి. కోడికి వేసే ఎన్రోఫ్లాక్సాసిన్ దాని ఒంట్లో కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది, మనకు డాక్టరు రాసే సిప్రో అదే. ఒకదానికి మొండికేసినది రెండోదానికీ మొండికేస్తుంది.

ఇప్పుడు వాడకం ఆపేస్తే మొండివి మళ్లీ తగ్గుతాయా?

మందును బట్టి, బ్యాక్టీరియాను బట్టి. కెనడాలోని క్యూబెక్‌లో హేచరీలు గుడ్డులోకే సెఫ్టియోఫర్ అనే యాంటీబయాటిక్ ఎక్కించేవి. 2005లో వాళ్లంతట వాళ్లే ఆపారు. ఆ రకం మందుకి లొంగని సాల్మొనెల్లా హైడల్‌బర్గ్ కోడిమాంసంలోనూ రోగుల్లోనూ తగ్గింది. 2007లో కొంత మళ్లీ మొదలుపెడితే మళ్లీ పెరిగింది.

అమెరికా 2005లో కోళ్లకి ఎన్రోఫ్లాక్సాసిన్ ఆపేసింది, అయినా క్యాంపిలోబాక్టర్‌లో మొండితనం అంత తేలిగ్గా దిగలేదు. ఆ మార్పు వచ్చిన క్యాంపిలోబాక్టర్ మందు లేకపోయినా కోడి పేగులో మిగతావాటితో సమంగా, ఒక్కోసారి ఇంకా బాగా బతుకుతుంది. నార్వే 1995లో అవోపార్సిన్ అనే గ్రోత్ ప్రమోటర్‌ను నిషేధించింది, అది మనుషులకి వాడే వాంకోమైసిన్‌కి చుట్టం. ఏళ్లు గడిచాక కూడా అది వాడిన కోళ్ల షెడ్లలో వాంకోమైసిన్‌కి లొంగని ఎంటరోకాకస్ దొరుకుతూనే ఉంది. కోళ్లు ఎన్ని బ్యాచ్‌లు మారినా షెడ్డు అదే కదా. అందుకే ఎవరైనా మందు మానేశామని చెబితే నేను ముందు అడిగేది, పాత లిట్టర్ ఎత్తేసి నేలకి సున్నం కొట్టారా అని.